డేటాబేసునకు స్టోరేజి ఇంజను ఎన్నిక: చిట్టా, ఆవర్జాల దృష్టాంతము

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి సంఘములకు భవనములకన్న విలువైన ఆస్తి వారి పుస్తకములు. ఏ ఇంటిపేరువారు ఏ ఊరినుండి వచ్చిరి, ఏ కుటుంబమున కెక్కడ వియ్యము కలిసెను, ఎవరు ఎంత చందా ఇచ్చిరి అను వివరము లా పుస్తకములలో దప్ప మరియొకచోట దొరకవు. ఇట్టి పుస్తకములు క్రమముగా కంప్యూటరులోని పట్టికలుగా మారినవి. తక్కువ వ్యయముతో లభించుటవలన చిన్న సంస్థలు ఈ పనికి మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసును విరివిగా స్వీకరించినవి. 2010వ సంవత్సరమునకు ముందు ఆ డేటాబేసులో ఇంజను పేరు చెప్పక పట్టికను కల్పించినచో, సాధారణముగా అది మైఐసామ్ అను ఇంజనుక్రింద ఏర్పడెడిది. అటుపిమ్మట సర్వరు ఎన్ని పర్యాయములు నవీకరింపబడినను, ఎవరో పూనుకొని మార్చిననే గాని అట్టి పట్టిక తనంతట తాను ఇంజను మార్చుకొనదు. కావున ఇంజను ఎన్నిక క్రొత్తగా పట్టికలు కల్పించువారి సమస్య మాత్రమే కాదు. పాత పట్టికలను కాపాడవలసినవారి సమస్య కూడ.

స్టోరేజి ఇంజను అన నేమి? 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ పట్టికల సంబంధముపై ఆధారపడిన డేటాబేసు సిద్ధాంతమును ప్రకటించెను. అందలి ముఖ్యాంశములలో నొకటి యేమనగా, ప్రశ్న అడుగువానికి దత్తాంశము డిస్కుపై ఏ రీతిని పేర్చబడినదో తెలియ నవసరము లేదు. "మదురైలోనున్న సభ్యు లెవరు?" అని యడిగినవానికి జాబితా వచ్చిన చాలును. అయితే ఆ పేర్పు నెవరో యొకరు నిర్వహింపవలెను గదా! పట్టికలోని వరుసలను డిస్కుపై వ్రాయుట, సూచిద్వారా వెదకి తెచ్చుట, ఇరువు రొకేసారి వ్రాయబోయినపుడు ఒకరిని నిలుపుట, నడుమ విద్యుత్తు పోయినచో లెక్క సరిచేయుట, ఇవి యన్నియు స్టోరేజి ఇంజను చేయు పనులు. అనేక డేటాబేసులలో ఇంజను ఒక్కటే యుండును; ఎన్నుకొను ప్రసక్తియే లేదు. మైఎస్‌క్యూఎల్ నిర్మాతలు మాత్రము ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క ఇంజనును నియమించుకొను వీలు కల్పించిరి. ఇది సౌకర్యమే గాని, ఎన్నుకొనవలసిన దున్నదని తెలియనివారికి మాత్రము చిక్కు.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్ దేశమున మోంటీ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ అను మువ్వురు స్థాపించిన సంస్థనుండి వెలువడినది. దాని తొలి ఇంజను ఐసామ్. దానిని మెరుగుపరచగా ఏర్పడినది మైఐసామ్. ఈ ఇంజను నిర్మాణము సులభమైనది. వరుసలకు ఒక ఫైలు, సూచులకు మరియొక ఫైలు. క్రొత్త వరుసను సాధారణముగా ఫైలు చివరను చేర్చును. తొలగించిన వరుస స్థానమున ఖాళీ యున్నచో అందు నింపును. చదువుటలో వేగము, స్థలములో పొదుపు దీని సుగుణములు. వార్తలను, వ్యాసములను చూపించుటయే ప్రధానముగా గల తొలినాటి వెబ్‌సైట్లకు ఇది చక్కగా సరిపోయినది.

అయితే లెక్కలు వ్రాయునపుడు సంగతి వేరు. ఒక సభ్యుడు 500 రూపాయల చందా చెల్లించెననుకొందము. రసీదుల పట్టికలో ఒక వరుస చేరవలెను. సభ్యుని ఖాతాలో బాకీ తగ్గవలెను. నగదు పట్టికలో 500 రూపాయల జమ పడవలెను. ఈ మూడును కలిసి ఒక లావాదేవీ. మొదటి రెండును వ్రాసిన పిమ్మట కరెంటు పోయిన దనుకొనుడు. మైఐసామ్ పట్టికలలో ఆ రెండు వ్రాతలును నిలిచియుండును, మూడవది యుండదు. రసీదున్నది, బాకీ తీరినది, నగదు మాత్రము లేదు! సంవత్సరాంతమున లెక్కలు తనిఖీ చేయువారు అడుగుదురు. కోశాధికారి సమాధానము చెప్పలేడు. తప్పు ఆయనది కాదు, పట్టికది. పని నడుమ "వెనుకకు మరలుము" అను అర్థముగల రోల్‌బ్యాక్ ఆజ్ఞ నిచ్చినను మైఐసామ్ మరలదు. వ్రాసినది తుడుపబడలేదని ఒక హెచ్చరికను మాత్రము సర్వరు తెలుపును. ఆ హెచ్చరికను చదువు ప్రోగ్రాములు తక్కువ.

ఇంతకన్న నష్టకరమైనది మరియొకటి కలదు. వ్రాయుచుండగా సర్వరు ఆగిపోయినచో మైఐసామ్ పట్టిక చెడిపోవచ్చును. అప్పుడు మరమ్మతు ఆజ్ఞ నీయవలెను. సూచి మాత్రమే చెడిన యెడల దానిని వరుసల ఫైలునుండి తిరిగి కట్టవచ్చును. వరుసల ఫైలే చెడినచో మరమ్మతులో కొన్ని వరుసలు పోవుటయు సంభవము. ఏ వరుసలు పోయినవో చెప్పగల సాక్షి ఆ పట్టికలో నెక్కడను లేదు.

ఈ సాక్షి యేమో గ్రహించుటకు మన వర్తకుల పద్ధతి చక్కని దృష్టాంతము. పాతకాలపు అంగడిలో రెండు పుస్తకము లుండెడివి. జరిగిన బేరము జరిగినట్లు, వేళక్రమమున వ్రాయునది చిట్టా. ఎవరి పేరుక్రింద ఏమి యున్నదో విడివిడిగా చూపునది ఆవర్జా. గుమాస్తా పగలెల్ల చిట్టా వ్రాసి, తీరికవేళ దానిని చూచి ఆవర్జాకు ఎక్కించెడివాడు. ఎక్కించుచుండగా దీప మారిపోయినను భయము లేదు. మరునా డుదయమున చిట్టాతో సరిచూచి మిగిలినది పూర్తిచేయవచ్చును. చిట్టాలో పడనిది ఆవర్జాలో నెన్నడును పడరాదు అనునది ఆ పద్ధతికి ప్రాణము.

ఇన్నోడీబీ అను ఇంజను సరిగా నీ పద్ధతినే నడచును. దీనిని ఫిన్లండు దేశస్థుడగు హెయిక్కీ టూరీ నిర్మించెను. 2001లో ఇది మైఎస్‌క్యూఎల్‌తో కలిసి వెలువడినది. ఇందులో పట్టికలు 16 కిలోబైట్ల పుటలుగా విభజింపబడి యుండును. ఒక వరుస మారినపుడు ఆ మార్పు మొదట జ్ఞాపకములోని పుటపై జరుగును. దాని వివరము రీడూ లాగ్ అను ఫైలున వ్రాయబడును. అదియే చిట్టా. లావాదేవీ ముగిసినదని కమిట్ ఆజ్ఞ వచ్చినపుడు చిట్టా డిస్కునకు చేరవలెను. ఆవర్జాయగు పుట మాత్రము తరువాత, తీరికగా చేరవచ్చును. నడుమ సర్వరు ఆగిపోయిన యెడల, తిరిగి లేచిన వెంటనే ఇంజను చిట్టాను చదివి, పుటలకు చేరని మార్పులను చేర్చును. ముగియని లావాదేవీల మార్పులను అండూ లాగ్ అను మరియొక పుస్తకము చూచి తీసివేయును. పై ఉదాహరణములోని రసీదు, బాకీ, జమ మూడును నిలుచును, లేదా మూడును పోవును. మూడును పోయినచో సభ్యుని తిరిగి అడిగి వ్రాసికొనవచ్చును; రెండు నిలిచి ఒకటి పోయినచో ఎవరి నడుగవలెనో కూడ తెలియదు.

ఇందు మరియొక జాగ్రత్త కలదు. 16 కిలోబైట్ల పుటను డిస్కు ఒక్క దెబ్బతో వ్రాయదు. సగము వ్రాసినంతలో కరెంటు పోయిన పుట పై సగము క్రొత్తది, క్రింది సగము పాతది యగును. అట్టి చినిగిన పుటను చిట్టా కూడ బాగుచేయజాలదు, ఏలయన చిట్టాలో నుండునది మార్పే గాని పుట యంతయు కాదు. కావున ఇన్నోడీబీ ప్రతి పుటను ముందొక ప్రత్యేకస్థలమున వ్రాసి, పిమ్మట దాని సొంతస్థానమున వ్రాయును. రెండు మారులు వ్రాయుట వ్యర్థమని తోచవచ్చును. చినిగిన పుటను చూచినవారి కట్లు తోచదు.

వేగమునకు ఆశపడి ఈ కట్టుబాటును సడలించు వీలు కూడ కలదు. ప్రతి కమిట్‌నకు చిట్టాను డిస్కునకు చేర్చుట సహజమైన అమరిక. దాని సంఖ్య 1. ఆ సంఖ్యను 2 చేసినచో చిట్టా ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగింపబడి, సుమారు సెకనున కొక పర్యాయము డిస్కునకు చేరును. 0 చేసిన యెడల ఆ అప్పగింత కూడ సెకను కొకమారే. యంత్రమునకు విద్యుత్తు పోయినపుడు ఈ రెండింటిలోను చివరి సెకను లావాదేవీలు పోవచ్చును. ఎవ రే పుట చూచిరను లెక్కకు సెకను పోయిన నష్టము లేదు. రసీదు పుస్తకమునకు 1 దప్ప వేరు సంఖ్య తగదు.

ఇక తాళముల సంగతి. ఉగాది సభకు పేర్లు నమోదు చేసికొను చివరిదినమున వందలమంది ఒకేవేళ వ్రాయబోదురు. మైఐసామ్ వ్రాతకు పట్టిక మొత్తమునకు తాళము వేయును. ఒక రు వ్రాయుచున్నంతసేపు తక్కినవారు, చదువదలచినవారు సైతము, వాకిట నిలువవలెను. ఫైలు నడుమ ఖాళీలు లేనపుడు చదువువారు చదువుచుండగనే చివర క్రొత్త వరుసలు చేర్చుటకు కొంత సడలింపు గలదు గాని, ఉన్న వరుసను దిద్దుటకు అదియు లేదు. ఇన్నోడీబీ తాళము వరుసకు మాత్రమే. చదువువారి కా తాళము కూడ అడ్డు కాదు. దిద్దుబాటు ముగియువరకు పాత రూపమును అండూ లాగ్‌నుండి కూర్చి చూపును. అయితే సరియైన సూచి లేని పట్టికను దిద్దబోయినచో ఇన్నోడీబీయు వెదకిన వరుసల కన్నిటికిని తాళములు వేయగలదు. తప్పు ఇంజనుదని పలువురు నిందింతురు. లోపము సూచిదై యుండును.

వంశావళుల పట్టికలు గలవారికి వేరొక అంశము మిక్కిలి ముఖ్యము. ప్రతి సభ్యుని వరుసలో స్వగ్రామపు సంఖ్య యుండును. ఆ సంఖ్య గ్రామముల పట్టికలో నుండి తీరవలెను. ఈ నియమమును ఫారిన్ కీ అందురు. ఇన్నోడీబీ దీనిని పాటించును: సభ్యులు గల గ్రామమును తొలగింపబోయినచో సహజముగా నిరాకరించును. మైఐసామ్ ఈ నియమమును పట్టిక కల్పించునపుడు ఆక్షేపింపక అంగీకరించును, పిమ్మట పాటింపదు. కాదనినను మేలే, ప్రయత్నించువాడు జాగ్రత్తపడును; అవుననుచు నూరకుండుటయే ప్రమాదము. ఇట్లు కొన్నేండ్లు గడచిన పట్టికలో గ్రామము లేని సభ్యులు, తండ్రి లేని కుమారులు కానవచ్చుట వింత కాదు.

తెలుగులిపికి ప్రత్యేకముగా సంబంధించిన చిక్కొకటి కలదు. యూనికోడులో తెలుగు అక్షరములు, గుణింతపు గుర్తులు విడివిడి సంకేతములు. యూటీఎఫ్‌8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు. "తెలుగు" అను మాటలో ఆరు సంకేతము లున్నవి, అనగా 18 బైట్లు. దానినే రోమను లిపిలో వ్రాసిన 6 బైట్లు. సూచి వెడల్పునకు ఇంజనులు హద్దులు పెట్టినవి. మైఐసామ్‌లో 1000 బైట్లు. ఇన్నోడీబీ పాత వరుసరూపములలో ఒక గడికి 767 బైట్లు. సంకేతమునకు 3 బైట్ల చొప్పున లెక్కించు పాత యూటీఎఫ్‌8లో 255 సంకేతముల గడికి 765 బైట్లై హద్దులో నిమిడెడిది. 4 బైట్ల చొప్పున లెక్కించు యూటీఎఫ్‌8ఎంబీ4నకు మారినంతనే అది 1020 అయి హద్దు మీరెను. అందువలననే పాత ప్రోగ్రాములలో 191 అను వింతసంఖ్య తరచుగా కానవచ్చును. 191ని 4తో గుణించిన 764. మైఎస్‌క్యూఎల్ 5.7 నుండి సహజమైన వరుసరూపమున ఈ హద్దు 3072 బైట్లకు పెరిగినది. ఇంటిపేరు, గ్రామము, తండ్రిపేరు కలిపి సూచి కట్టువారికి ఇది సామాన్యమైన మేలు కాదు.

సూచి విషయముననే వేరొక భేదము. ఇన్నోడీబీలో వరుసలే ప్రధానసూచి క్రమమున పేర్చబడి యుండును. తక్కిన ప్రతి సూచియు వరుసను తెలుపుటకు ప్రధానసూచి విలువను తనలో నుంచుకొనును. కావున ప్రధానసూచిగా పొడవైన పేరు నుంచినచో ఆ బరువు సూచులన్నిటిపై పడును. చిన్న సంఖ్య యుంచుట మంచిది.

మైఐసామ్‌కు మేలైన పట్టు లేవు అనరాదు. పట్టికలో నెన్ని వరుసలున్నవో అది తక్షణము చెప్పును, సంఖ్యను వేరుగా వ్రాసి యుంచుకొనును గనుక. ఇన్నోడీబీ ఒక సూచిని ఆసాంతము నడచి లెక్కింపవలెను. ముగిసిన పట్టికను, అనగా ఇక నెన్నడును దిద్దని శాసనముల జాబితా వంటిదానిని, గట్టిగా బిగించి చదువుటకు మాత్రమే యుంచు సాధనము మైఐసామ్‌కు గలదు. మాటలద్వారా వెదకు పూర్తిపాఠపు సూచి చాలకాలము దీనికే యుండెను. ఆ కారణము 2013లో వెలువడిన 5.6తో తీరిపోయినది, అందు ఇన్నోడీబీకిని ఆ సూచి లభించినది. వేగమునం దిది మేటి యను కీర్తి కూడ పాతబడినది. ఇన్నోడీబీ సూచులను, వరుసలను రెండింటిని తన జ్ఞాపకములో నుంచుకొనగా, మైఐసామ్ సూచులను మాత్రమే యుంచుకొని వరుసలను ఆపరేటింగ్ సిస్టమునకు వదలును. యంత్రమున జ్ఞాపకము సమృద్ధిగా నున్నచోట పాత తూకము నిలువదు. 2010 చివర వెలువడిన 5.5 నుండి ఇన్నోడీబీయే సహజమైన ఇంజనయ్యెను. 2018 నాటి 8.0లో సర్వరు తన సొంత వివరపట్టికలను సైతము దానికే అప్పగించెను.

మిగిలిన ఇంజనులకు సందర్భములు పరిమితములు. మెమరీ ఇంజను సర్వరు ఆగగానే వరుసలను పోగొట్టుకొనును, పట్టిక రూపము మాత్రము మిగులును. ఆర్కైవ్ చేర్చుటకు, చదువుటకే గాని దిద్దుటకు కాదు. మైఎస్‌క్యూఎల్ నుండి విడిపోయిన మరియాడీబీలో ఆరియా అను ఇంజను కలదు. అది సర్వరు ఆగినను చెడని మైఐసామ్ వంటిది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు నిర్మించిన మైరాక్స్ వ్రాత అధికముగా నుండి, స్థలము పొదుపు చేయవలసినచోట ఉపకరించును. సంఘముల పట్టికల పరిమాణమునకు దాని యవసరము రాదు.

పాత పట్టికను మార్చుటకు ఆజ్ఞ ఒక్క పంక్తియే. కాని ఆ పంక్తికి ముందు చేయవలసిన పని యున్నది. మొదట పూర్తి ప్రతి తీసికొనవలెను. పట్టిక మారుచున్నంతసేపు వ్రాతలు ఆగును గనుక రద్దీలేని వేళను చూచుకొనవలెను. మార్చినపిదప ఫారిన్ కీ నియమమును విధింపబోవుదురు గాన, గ్రామము లేని సభ్యులను ముందే వెదకి సరిచేయవలెను. లేనిచో నియమము విధింపబడదు. లావాదేవీలో పాల్గొను పట్టికలన్నియు మారవలెను. రసీదులను, ఖాతాలను మార్చి నగదు పట్టికను మైఐసామ్‌లో విడిచినచో, రోల్‌బ్యాక్ మొదటి రెండింటిని మాత్రము వెనుకకు త్రిప్పును. సగము వ్రాత అను రోగము తిరిగి వచ్చినట్లే. ప్రతి తీయు పద్ధతియు మారును. నడుచుచున్న సర్వరునుండి ఇన్నోడీబీ ఫైళ్లను ఊరక నకలు తీసినచో పనికిరావు. మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను సింగిల్ ట్రాన్సాక్షన్ అను ఐచ్ఛికముతో నడిపినచో వ్రాతల నాపకయే ఒక్క క్షణపు చిత్రము లభించును. మైఐసామ్ పట్టిక లేవైన మిగిలియున్నచో వాని కా భరోసా వర్తింపదు.

చివరకు రసీదు సంఖ్యలు. మైఐసామ్‌లో శాఖయు సంఖ్యయు కలిపి సూచి కట్టి, ప్రతి శాఖకు 1, 2, 3 అని వేరువేరుగా తనంతట సంఖ్య పెరుగునట్లు చేయ వీలుండెను. ఇన్నోడీబీలో ఈ వీలు లేదు. అట్టి పట్టికను మార్చబోయినచో సర్వరు నిరాకరించును. శాఖలవారీ సంఖ్యలకు ఒక చిన్న పట్టిక నేర్పరచి, లావాదేవీలోపలనే దాని వరుసకు తాళమువేసి సంఖ్యను పెంచుకొనవలెను. ఇన్నోడీబీ తనంతట నిచ్చు సంఖ్యలలో నడుమ ఖాళీలు పడును: 118వ సంఖ్య తీసికొనిన లావాదేవీ వెనుకకు మరలినను ఆ సంఖ్య తిరిగి రాదు, తరువాతి రసీదు 119 అగును. అంతేకాక 8.0నకు పూర్వము ఆ లెక్క జ్ఞాపకములోనే యుండెడిది; చివరి వరుసను తొలగించి సర్వరును ఆపి లేపినచో, తొలగిన సంఖ్యయే మరియొకరికి దక్కెడిది. 8.0 నుండి ఆ లెక్కయు చిట్టాకెక్కుచున్నది. వరుస తప్పని రసీదు సంఖ్యలు కావలసినవారు మాత్రము ఏ కూర్పునందైనను ఇంజను ఇచ్చు సంఖ్యను పట్టికకు లోపలి గుర్తుగా నుంచి, సభ్యుని చేతికిచ్చు కాగితముపై వేయు సంఖ్యను పై చిన్నపట్టికనుండి తీసికొనవలెను.